సిద్దిపేట చెలకల్లో బీటీ ప్రోటీన్

సిద్దిపేట జిల్లాలో వానాకాలం వేసే పత్తిలో దాదాపు అంతా బీటీ హైబ్రిడ్లే. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా నుంచి తీసిన జన్యువును ఈ మొక్కలో పెట్టారు. దాని వల్ల వేరు మొదలుకొని కాయ దాకా అన్ని భాగాల్లోనూ కాయతొలుచు పురుగును చంపే ప్రోటీన్ తయారవుతుంది. పంట ముగిసేసరికి రాలిన ఆకు, ఎండిన కాయ డొప్ప, మట్టిలోనే మిగిలిన వేరు, దుక్కిలో కలిసిన కట్టె ఆ ప్రోటీన్‌ను నేలకు చేరుస్తాయి. చేరిన ప్రోటీన్ అక్కడ ఎన్నాళ్లుంటుంది, ఎలా విచ్ఛిన్నమవుతుంది, నేలలోని జీవానికి దానితో హాని ఉందా అన్న ప్రశ్నలు 2002లో విత్తనంతో పాటే ఈ ప్రాంతానికి వచ్చాయి. వాటికి ప్రయోగశాలలు ఇచ్చిన జవాబులు చాలావరకు వేరే దేశాల మట్టిలో, తేమ తగ్గకుండా చూసిన పరిస్థితుల్లో పుట్టినవి. సిద్దిపేట భూముల్లో ప్రోటీన్ గతిని నిర్ణయించేవి ఇక్కడి మన్ను, వాన పడే నెలలు, పంట తీశాక పత్తికట్టెను రైతు ఏం చేస్తాడన్న సంగతి.

చెలక, రేగడి, పత్తి

సిద్దిపేట 2016 అక్టోబర్ 11న జిల్లా అయింది. అంతకు ముందు ఇందులో ఎక్కువ భాగం మెదక్ జిల్లాలో ఉండేది. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్ నుంచి, చేర్యాల, మద్దూరు వరంగల్ నుంచి వచ్చి కలిశాయి. గ్రానైటు రాయి అరిగి ఏర్పడిన ఎర్ర చెలకలు, ఇసుక పాలు ఎక్కువున్న దుబ్బ నేలలు ఇక్కడ విస్తారం. పల్లపు ప్రాంతాల్లో నల్లరేగడి కనిపిస్తుంది. చెరువు కింద వరి, చెలకలో జొన్న, మక్క, కంది, పెసర, ఆముదం పండించడం పాత పద్ధతి. పత్తిని రేగడి పంటగానే చూసేవారు. తెలంగాణలో అప్పట్లో వేసినవి దేశీ పత్తి రకాలు. వాటి పింజ పొట్టిది, దిగుబడి తక్కువ. అయితే కరువును, రసం పీల్చే పురుగులను అవి బాగా తట్టుకునేవి.

1970లో సూరత్ పరిశోధన కేంద్రం నుంచి హెచ్-4, 1972లో ధార్వాడ్ నుంచి వరలక్ష్మి విడుదలయ్యాయి. వీటితో దేశంలో హైబ్రిడ్ పత్తి యుగం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కొత్త పత్తి మొదట గుంటూరు, ప్రకాశం రేగళ్లలో స్థిరపడింది. 1980ల తర్వాత తెలంగాణలో విస్తరించి, బోరుబావులు పెరిగే కొద్దీ రేగడి హద్దు దాటి చెలకల్లోకి వచ్చింది. నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేని ఎర్ర నేలలో, వానల మీదే ఆధారపడి, ఆరేడు నెలల పంట పండించడం ఈ ప్రాంతానికి కొత్త అలవాటు.

హైబ్రిడ్లతో పాటు పురుగులూ పెరిగాయి. శనగపచ్చ పురుగు, మచ్చల పురుగు, గులాబీ రంగు పురుగు కాయలను తొలిచేవి. పొగాకు లద్దెపురుగు ఆకును తినేసేది. 1980ల్లో వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు మొదట అద్భుతంగా పనిచేశాయి. 1987 నాటికే కోస్తా జిల్లాల్లో శనగపచ్చ పురుగు వాటికి లొంగడం మానేసింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1990ల తొలినాళ్లలో జరిగిన పరిశోధనలు ఈ నిరోధకతను నమోదు చేశాయి. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్, క్వినాల్‌ఫాస్, సైపర్‌మెత్రిన్ ఒకదాని మీద ఒకటి కొట్టినా కాయ దక్కని రోజులు వచ్చాయి. 1997-98లో వర్షాలు గతి తప్పాయి. పురుగు విజృంభించింది, మందుల అప్పు పెరిగిపోయింది. వరంగల్, దాని పొరుగు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటా చర్చకు వచ్చాయి. బీటీ విత్తనానికి ఇక్కడ లభించిన ఆదరణను ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. బీటీ ప్రోటీన్ వచ్చి చేరిన మన్ను అప్పటికే పదిహేనేళ్లుగా పురుగుమందులు పడుతూ వచ్చిన మన్ను.

పట్టుపురుగు నుంచి పత్తి దాకా

బీటీ బాక్టీరియాను మొదట గుర్తించింది పురుగును కాపాడాలనుకున్నవారే. 1901లో జపాన్ శాస్త్రవేత్త ఇషివాటా పట్టుపురుగులను చంపుతున్న ఒక జబ్బుకు ఈ బాక్టీరియా కారణమని కనుగొన్నాడు. 1911లో ఎర్నెస్ట్ బెర్లినర్ జర్మనీలోని తురింజియా ప్రాంతపు పిండిమరలో చచ్చిన పురుగు నుంచి దాన్ని వేరుచేసి, 1915లో ఆ ప్రాంతం పేరే పెట్టాడు. 1938లో ఫ్రాన్సులో స్పోరీన్ పేరుతో తొలి బీటీ మందు అమ్మకానికి వచ్చింది. బాక్టీరియా బీజదశలో ఏర్పరచుకునే ప్రోటీన్ స్ఫటికమే పురుగును చంపుతుందని 1950ల్లో తేలింది. 1981లో అమెరికాలో ష్నెఫ్, వైట్‌లీ ఆ ప్రోటీన్ జన్యువును వేరుచేశారు. 1996లో మోన్‌శాంటో కంపెనీ బోల్‌గార్డ్ పేరుతో బీటీ పత్తిని అమెరికా పొలాల్లోకి తెచ్చింది.

ఈ పత్తిలో ఉండే ప్రోటీన్ క్రై1ఏసీ. పురుగు కడుపులోని క్షార గుణం, అక్కడి ఎంజైములు కలిసి దాన్ని చురుకైన ముక్కగా మారుస్తాయి. ఆ ముక్క పేగు గోడ మీది గ్రాహకాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు మేత మాని చస్తుంది. సరిపోయే గ్రాహకాలు లేని జీవుల్లో ఈ పని జరగదు.

మొక్కలో పుట్టే ప్రోటీన్‌కూ మందుగా చల్లే బీటీకీ నేల సంగతిలో ముఖ్యమైన తేడా ఉంది. చల్లిన మందు ఆకు మీద పడి, ఎండకు కొద్ది రోజుల్లోనే శక్తి కోల్పోతుంది. మొక్కలోని ప్రోటీన్ కణాల లోపల ఎండ తగలకుండా ఉంటుంది. అది కణజాలంతో పాటే మట్టిలోకి వెళ్లి, ఆ కణజాలం కుళ్లే వేగాన్ని బట్టి బయటపడుతుంది.

అనుమతి, అప్పటి లెక్క

భారత్‌లో మోన్‌శాంటో జన్యువును స్థానిక హైబ్రిడ్లలోకి ఎక్కించిన కంపెనీ మహికో. 1998లో దేశంలో 40 చోట్ల క్షేత్ర ప్రయోగాలు మొదలయ్యాయి. ఆ ఏడాది చివర్లో కర్ణాటకలోని రాయచూరు ప్రాంతంలో రైతు సంఘం కార్యకర్తలు ప్రయోగపు చేలను తగలబెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ నిరసనలు రేగడంతో రాష్ట్ర ప్రభుత్వం ఇక్కడి ప్రయోగాలను ఆపమంది. చివరికి జెనెటిక్ ఇంజనీరింగ్ అప్రూవల్ కమిటీ, అంటే జీఈఏసీ, 2002 మార్చి 26న మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు హైబ్రిడ్లకు షరతులతో అనుమతి ఇచ్చింది.

ఆ అనుమతి కోసం సమర్పించిన సమాచారంలో నేల అధ్యయనాలూ ఉన్నాయి. శుద్ధిచేసిన క్రై1ఏసీ మట్టిలో 20 రోజుల లోపే సగానికి తగ్గింది. పత్తి కణజాలంలో ఉన్న ప్రోటీన్ సగానికి తగ్గడానికి 41 రోజులు పట్టింది. చల్లే బీటీ మందులు మట్టిలో తరిగే వేగంతో ఇది పోల్చదగినదేనని తేల్చారు. ఈ రెండంకెల మధ్య తేడాలోనే కణజాలం పాత్ర కనిపిస్తుంది. అదే వేగం కొనసాగితే నాలుగు నెలల్లో ఎనిమిదో వంతు, ఎనిమిది నెలల్లో అరవై నాలుగో వంతు మిగలాలి. నిజమైన పొలంలో మాత్రం తగ్గుదల ఇంత సమంగా ఉండదు. మొదట వేగంగా తగ్గి, చివరి కొద్ది భాగం నెమ్మదిగా కరగడం ఇలాంటి అధ్యయనాల్లో తరచూ కనిపించే తీరు.

మొదటి హైబ్రిడ్లు ఈ రాష్ట్రంలో నిలదొక్కుకోలేదు. వరంగల్ తదితర జిల్లాల్లో నష్టపోయిన రైతులు పరిహారం కోసం పోరాడారు. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడింటి అనుమతిని జీఈఏసీ పొడిగించలేదు. వాటి స్థానంలో ఇతర కంపెనీల బీటీ హైబ్రిడ్లు వచ్చాయి. వీటిలో బన్నీ, మల్లిక బాగా వ్యాపించాయి. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాన్ని విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌ను ఆశ్రయించాక 450 గ్రాముల విత్తన సంచి ధర రూ. 750కి దిగింది. అదే ఏడాది బోల్‌గార్డ్-2కు అనుమతి దొరికింది. క్రై1ఏసీతో పాటు క్రై2ఏబీ అనే రెండో ప్రోటీన్ అందులో ఉంటుంది. కొద్ది ఏళ్లలోనే అదే ప్రధాన విత్తనమైంది. అంటే సిద్దిపేట మట్టికి చేరే ప్రోటీన్లు ఒకటి నుంచి రెండయ్యాయి.

మట్టిలో మూడు పనులు

నేలకు చేరిన బీటీ ప్రోటీన్ మీద మూడు పనులు జరుగుతాయి: సూక్ష్మజీవులు దాన్ని కొరికి తినడం, బంకమన్ను దాన్ని పట్టుకోవడం, ఎండ, తేమలు ఈ రెండింటి వేగాన్ని మార్చడం.

మొదటిది నేరుగా జరిగే పని. మట్టిలోని బాక్టీరియా, శిలీంధ్రాలు వదిలే ఎంజైములు ఏ ప్రోటీన్‌నైనా చిన్న ముక్కలుగా, చివరికి అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. ఆ నత్రజని సూక్ష్మజీవులకు, తర్వాత పంటకు ఆహారమవుతుంది. తేమ, వెచ్చదనం, సేంద్రియ పదార్థం బాగా ఉన్న నేలలో ఇది చురుగ్గా సాగుతుంది.

రెండో పని మీద ఎక్కువ పరిశోధన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో గంథర్ స్టాట్జ్‌కీ బృందం చేసింది. బీటీ ప్రోటీన్ మాంట్‌మోరిలోనైట్, కయోలినైట్ అనే బంకమన్ను ఖనిజాలకు వేగంగా అతుక్కుంటుందని, అలా అతుక్కున్నది సూక్ష్మజీవులకు సులభంగా దొరకదని ఆ బృందం 1990ల్లో చూపింది. వారి ఒక ప్రయోగంలో మట్టిలో కలిపిన ప్రోటీన్ 234 రోజుల తర్వాత కూడా పురుగును చంపింది. బీటీ మక్క వేళ్ల నుంచి ఈ ప్రోటీన్ స్రవిస్తుందని 1999లో వారు నేచర్ పత్రికలో ప్రకటించడంతో చర్చ వేడెక్కింది. అదే బృందం 2004లో వేర్వేరు పంటలను పోల్చినప్పుడు మక్క, వరి, బంగాళాదుంప వేళ్ల స్రావాల్లో ప్రోటీన్ దొరికింది. పత్తి వేళ్ల స్రావాల్లో దొరకలేదు. పత్తిలోనూ వేరు చుట్టూ దొరికిందన్న నివేదికలు ఇతర దేశాల నుంచి వచ్చాయి. ఈ విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు.

ఫ్రాన్సులోని మాంపెల్యే పరిశోధకులు ఇదే ప్రశ్నను ఇంకో వైపు నుంచి చూశారు. బంకమన్నుకు అతుక్కున్న ప్రోటీన్ క్రమంగా ఆకారం మార్చుకుంటుందని, అందువల్ల దాన్ని మళ్లీ బయటికి తీయడమే కష్టమవుతుందని వారి ఫలితాలు సూచించాయి. పరీక్షలో ప్రోటీన్ కనిపించకపోతే అది ముక్కలైపోయి ఉండవచ్చు, లేదా మన్నుకు గట్టిగా పట్టుకుని ఉండవచ్చు. ఈ తేడా తెలియాలంటే రసాయన పరీక్ష ఒక్కటే చాలదు. ఆ మట్టిని పురుగు పిల్లలకు మేతలో కలిపి, అవి బతుకుతాయో లేదో చూడాలి.

ఈ ఫలితాలను సిద్దిపేటకు అన్వయిస్తే నేలల తేడా ముందుకొస్తుంది. రేగడిలో మాంట్‌మోరిలోనైట్ జాతి బంక ఎక్కువ. దాని ఉపరితల వైశాల్యం పెద్దది, ప్రోటీన్‌ను పట్టుకునే శక్తి కూడా పెద్దదే. ఎర్ర చెలకలో కయోలినైట్ పాలు ఎక్కువ, మొత్తం బంక శాతం తక్కువ. దుబ్బ నేలలో ఇసుకే ప్రధానం. కాబట్టి ఒకే విత్తనం, ఒకే దిగుబడి ఉన్నా రేగడిలో ప్రోటీన్ ఎక్కువ కాలం అతుక్కుని ఉండటానికి, దుబ్బలో త్వరగా సూక్ష్మజీవుల పాలు కావడానికి అవకాశం ఎక్కువ. చెలకల్లో సేంద్రియ కర్బనం సాధారణంగా తక్కువగా ఉండటం దీనికి ఎదురు నడుస్తుంది. తినే సూక్ష్మజీవులు తక్కువైతే విచ్ఛిన్నం కూడా మందగిస్తుంది.

ఇక తేమ. ఇక్కడ పత్తిని జూన్, జూలైలలో విత్తుతారు. అక్టోబర్ నుంచి ఏరడం మొదలవుతుంది. అదే నెలలో నైరుతి వానలు వెనుదిరుగుతాయి. ఆకు రాలేది, కట్టె పీకేది వాన లేని కాలంలోనే. డిసెంబర్ నుంచి మే దాకా వానాధార చెలకలో పై మట్టి దాదాపు ఎండిపోయే ఉంటుంది. వేసవిలో గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. నీరు లేని మట్టిలో సూక్ష్మజీవులు పనిచేయవు. కనుక తడి మట్టిలో కొలిచిన 41 రోజులను నేరుగా సిద్దిపేట క్యాలెండర్ మీద పరచలేం. పొడి నెలల్లో విచ్ఛిన్నం దాదాపు ఆగి, మృగశిర వానలకు మట్టి తడిసి తిరిగి ఊపందుకుంటుందని అనుకోవాలి. అప్పటికి తర్వాతి పంట విత్తే వేళ అవుతుంది. యాసంగిలో మక్కకో కూరగాయలకో బోరు నీళ్లు పెట్టే చేలలో ఈ విరామం ఉండదు; అక్కడ విచ్ఛిన్నం చలికాలంలోనే ముందుకు సాగుతుంది.

ఎంత ప్రోటీన్ చేరుతుంది

మొక్కలో ప్రోటీన్ పంట కాలమంతా ఒకే మోతాదులో ఉండదు. నాగ్‌పూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థలో కె.ఆర్. క్రాంతి బృందం 2005లో ప్రచురించిన కొలతల ప్రకారం క్రై1ఏసీ లేత ఆకుల్లో ఎక్కువగా, పువ్వులో, కాయ తొక్కలో తక్కువగా ఉంది. విత్తిన 110 రోజుల తర్వాత అది గ్రాముకు 1.9 మైక్రోగ్రాముల కీలక స్థాయి కంటే దిగువకు పడిపోయింది. పురుగు అదుపుకు ఇది లోపమే. నేల దృష్టితో చూస్తే మాత్రం పండి రాలే ఆకులో, ఎండిన కట్టెలో మిగిలేది తక్కువని దీని అర్థం.

ఒక లెక్క దీన్ని స్పష్టం చేస్తుంది. మిగిలిన మొక్క భాగాల్లో గ్రాముకు ఒక మైక్రోగ్రాము చొప్పున ఉందనుకుంటే టన్నుకు ఒక గ్రాము ప్రోటీన్ అవుతుంది. ఎకరం పొలంలో పైపైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. ఒక టన్ను మొక్క భాగాల్లోని ఆ ఒక గ్రాము ప్రోటీన్ అందులో సమంగా కలిసిపోతే గ్రాము మట్టికి దాదాపు ఒక నానోగ్రాము వస్తుంది. ఎలీసా పరీక్షలు మట్టిలో గుర్తించగల కనీస మోతాదు కూడా కొన్ని నానోగ్రాముల దగ్గరే ఉంటుంది. అందుకే పొలం సగటు మట్టిలో పరీక్ష ఖాళీగా రావడం ఆశ్చర్యం కాదు. కుళ్లుతున్న ఆకు ముక్క పక్కన, వేరు పొర మీద మోతాదు సగటు కంటే చాలా ఎక్కువ ఉండవచ్చు. నేల జీవులు ఎదుర్కొనేది ఆ చిన్న చోట్లనే.

పత్తికట్టె దారి

ప్రోటీన్‌లో ఎంత భాగం మట్టికి చేరుతుందో నిర్ణయించేది పంట తర్వాతి పని. ఏరడం అయిపోయాక చేనులో గొర్రెలను, మేకలను మేపడం తెలంగాణ పల్లెల్లో పాత అలవాటు. కొమురవెల్లి మల్లన్న కొలువున్న ఈ జిల్లాలో గొల్లకురుమల మందలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఆకు, ఎండు కాయ మందకు మేతైతే, మంద పెంట పొలానికి ఎరువైంది. 2006లో వరంగల్ జిల్లాలో బీటీ పత్తి చేలలో మేసిన గొర్రెలు వందల సంఖ్యలో చచ్చిపోయాయని కాపరులు, స్వచ్ఛంద సంస్థలు ఫిర్యాదు చేశాయి. బీటీ ప్రోటీనే కారణమన్న వాదనను జీఈఏసీ అంగీకరించలేదు. ఆ వివాదం తర్వాత పత్తి చేనులో మేపు మీద అనుమానం చాలాకాలం నిలిచింది.

మేపు తర్వాత మిగిలిన కట్టెను పొయ్యి కిందికి, దడికి వాడేవారు. గ్యాస్ పొయ్యిలు వచ్చాక ఆ అవసరం తగ్గి, పీకి కుప్పవేసి తగలబెట్టడం పెరిగింది. కాలిన కట్టెలోని ప్రోటీన్ అక్కడితో నశిస్తుంది. దానితో పాటు నేలకు చేరవలసిన కర్బనం, నత్రజని కూడా పోతాయి. ఈ పద్ధతిలో మట్టికి మిగిలేది రాలిన ఆకు, తెగిన సన్నవేళ్లలోని ప్రోటీన్ మాత్రమే. ట్రాక్టర్‌తో నడిచే ష్రెడర్లు కట్టెను ముక్కలు చేసి దుక్కిలో కలుపుతాయి. అప్పుడు మొక్కలోని ప్రోటీన్ దాదాపు అంతా నేలకే వస్తుంది. ముక్కలు చిన్నవి కావడంతో కుళ్లు వేగం పెరుగుతుంది. చేరే కర్బనం సూక్ష్మజీవులను పెంచుతుంది. మట్టికి చేరే ప్రోటీన్‌ను పెంచే పనే దాన్ని విడగొట్టే శక్తినీ పెంచుతుందన్నమాట.

పరీక్షలు చెప్పినది

పొలంలో ఏళ్ల తరబడి ప్రోటీన్ పోగవుతుందా అన్న ప్రశ్నకు ఎక్కువగా ఉదహరించే అధ్యయనం అమెరికాది. మూడు నుంచి ఆరేళ్లు వరసగా బీటీ పత్తి వేసి, కట్టెను దున్ని కలిపిన ఆరు పొలాల మట్టిని ఆఖరి దుక్కి తర్వాత మూడు నెలలకు పరీక్షించారు. 2002లో వచ్చిన ఆ ఫలితాల్లో ఎలీసాకు గానీ, పురుగు పరీక్షకు గానీ క్రై1ఏసీ దొరకలేదు. ఆ అధ్యయనంలో విత్తన కంపెనీ శాస్త్రవేత్తలు భాగస్వాములు కావడం విమర్శలకు చోటిచ్చింది. దీనికి భిన్నంగా స్విట్జర్లాండ్‌లో బీటీ మక్క ఆకులను చలికాలం మట్టిలో పెట్టిచూసినప్పుడు 200 రోజుల తర్వాత కూడా ప్రోటీన్ ఆనవాలు దొరికింది. చలికి సూక్ష్మజీవులు మందగించడం అందుకు కారణం. అక్కడ చలి చేసే పనిని సిద్దిపేటలో వేసవి పొడి చేస్తుంది.

భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ, కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బీటీ, బీటీయేతర పత్తి కింద మట్టిలోని ఎంజైముల చర్యను, సూక్ష్మజీవుల మొత్తాన్ని పోల్చారు. కొన్ని సూచికలు బీటీ కింద పెరిగాయి, కొన్ని స్వల్పంగా తగ్గాయి. స్థిరమైన హాని వారికి కనిపించలేదు. విదర్భలో సూక్ష్మజీవులు తగ్గాయని చెప్పిన నివేదికలూ ఉన్నాయి. ఎరువు, నీరు, మందుల వాడకం పొలానికీ పొలానికీ మారుతుంది కాబట్టి అలాంటి పోలికల్లో ప్రోటీన్ ప్రభావాన్ని విడదీయడం కష్టం.

నేలలో కరిగింది, పురుగులో నిలిచింది

ఈ చరిత్రలో అసలు సమస్య మట్టి వైపు నుంచి రాలేదు. 2008-09లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు క్రై1ఏసీని తట్టుకుంటున్నట్టు బయటపడింది. 2014-15 నాటికి బోల్‌గార్డ్-2 మీద కూడా అది బతకసాగింది. తర్వాతి ఏళ్లలో తెలంగాణ పత్తి కాయల్లోనూ విరివిగా కనిపించింది. పురుగులో ఈ నిరోధకత పెరగకుండా చేను చుట్టూ బీటీ లేని పత్తి వేయమని సంచితో పాటు 120 గ్రాముల విత్తనం ఇచ్చినా, దాన్ని చాలామంది విత్తలేదు. నీళ్లున్న చోట పంటను ఫిబ్రవరి, మార్చి దాకా పొడిగించడం పురుగుకు తరాలు పెంచుకునే వెసులుబాటు ఇచ్చింది. ఆ నెలల్లో మొక్కలోని ప్రోటీన్ తగ్గిపోయి ఉంటుంది. చావని మోతాదు తిన్న పురుగుల్లోంచి తట్టుకునేవి మిగిలి, సంతానం పెంచుకుంటాయి.

గులాబీ పురుగు వేసవిని ఎండిన కాయల్లో, గింజల్లో గడుపుతుంది. అందుకే డిసెంబర్, జనవరిలో పంట ముగించి, కట్టెను చేనుగట్టు మీద నిలవ పెట్టకుండా ముక్కలు చేసి నేలలో కలపమని వ్యవసాయ శాఖ సలహా ఇస్తోంది. పురుగు కోసం చెప్పిన ఈ సలహా నేలకూ సరిపోతుంది. జనవరి మొదట్లో, అడుగు మట్టిలో కాస్త తేమ మిగిలి ఉండగా కలిపిన కట్టె వేసవికి ముందే కొంత కుళ్లుతుంది. గట్టు మీద ఎండిన కట్టెలో పురుగూ ప్రోటీనూ రెండూ జూన్ దాకా నిలిచే ప్రమాదం ఉంది.

2020లో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు పేరుతో వానాకాలం మక్క తగ్గించి పత్తి పెంచమంది. అదే కాలంలో రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, ఆ తర్వాత మల్లన్న సాగర్ జలాశయాల నీళ్లు వచ్చి జిల్లాలో వరి విస్తరించింది. చెలకలో పత్తి, పల్లంలో వరి అన్న విభజన కొన్ని ఊళ్లలో చెదిరింది. పత్తి నుంచి వరికి మారిన మడిలో ప్రోటీన్ కొత్తగా చేరడం ఆగిపోతుంది. ఉన్నది తడిలో కరుగుతుంది. వానాధార చెలకలో ఏటా పత్తి మీద పత్తి వేసేచోట మాత్రం ప్రతి వేసవీ ఒక విరామం, ప్రతి జూన్ ఒక కొత్త మొదలు. నేలలో ప్రోటీన్ కదలికను ఇక్కడే కొలవాలంటే ఆ చెలకల మట్టినే డిసెంబర్‌లో, మేలో, తొలకరి తర్వాత జూలైలో మూడుసార్లు తీసి, ఎలీసాతో పాటు పురుగు పరీక్ష కూడా చేయాలి.